పుర్రె బొమ్మలు చాలు, సంతలో మన మాట చెబుదాం

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్‌లో చాలామందిమి మా ఇళ్ళలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం. విశాఖలో ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే పాడేరు, చింతపల్లి అని చెప్పే ముందు ఒక్క క్షణం ఆగుతాం. తర్వాతి ప్రశ్న ఏంటో మీకూ తెలుసు. నవ్వుతూనే "సరుకు దొరుకుద్దా?" అంటారు. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చిందన్న సంగతి మాత్రం మనమే గుర్తుచేయాలి.

మన కొండల్లో గంజాయి పండలేదని మేము అనడం లేదు. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు వేల ఎకరాల్లో తోటలు నరికించారు. తోటల మీద అందరూ మాట్లాడారు. కానీ ఆ తోటల పక్కన పెరిగి, అలవాటు పడిపోయిన కుర్రాళ్ళ గురించి ఎవరు మాట్లాడారు? ఒక్క బ్యాగు దింపితే కొన్ని వేలు వస్తాయని నమ్మి బస్సెక్కినవాళ్ళ గురించి? చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్ళ జైలు. ఇరవై ఏళ్ళోడు లోపలికెళ్తే ముప్పై దాటాకే బయటికి. డబ్బు పెట్టినోడు మాత్రం ఆ బస్సులో ఉండడు.

ఇక అవగాహన అంటే ఏం చేస్తున్నారు? జూన్ 26 వస్తే ర్యాలీ, ప్రతిజ్ఞ, ఫొటో. గోడ మీద పుర్రె, సంకెళ్ళు. ఈమధ్య "డ్రగ్స్ వద్దు బ్రో" అని కూడా వచ్చింది, బాగానే ఉంది. కానీ కొండ మీద కువి మాట్లాడే అమ్మకి ఆ బ్రో ఎవరో ఏం తెలుస్తుంది? కొడుకు తిండి మానేశాడు, రాత్రి నిద్రపోడు, ఊరికే కోపం. దయ్యం పట్టిందేమో అనుకొని గురువు దగ్గరికి తీసుకెళ్తుంది. పుర్రె బొమ్మ చూస్తే ఇంకా భయపడి దాచేస్తుంది.

భయం వల్ల మానినవాళ్ళకంటే దాక్కున్నవాళ్ళే ఎక్కువని మా అభిప్రాయం. అందుకే మానొచ్చు అన్న మాట ముందు చెప్పాలి. ఇది జబ్బు, దీనికి వైద్యం ఉంది. 14446కి ఫోన్ చేస్తే డబ్బులు తీసుకోరు, ఏం చేయాలో చెప్తారు. ఇంకోటి మనలో చాలామందికి తెలీదు. ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. అలవాటు పడ్డ మనిషి తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు వెళ్ళి, దాన్ని పూర్తి చేస్తే, వాడకం మీద, చిన్న మొత్తం మీద ఉన్న కేసు నుంచి రక్షణ దొరుకుతుంది. అమ్మినోడికీ మోసినోడికీ ఇది వర్తించదు. ఈ రెండు ముక్కలు ఆదివాసీ ఒడియాలో, కువిలో సంతలో మైకు పట్టుకొని చెప్తే పది ఫ్లెక్సీల కంటే మేలు కాదా?

చెప్పేవాళ్ళు కూడా మనవాళ్ళే అయితే బాగుంటుంది. మానేసి ఇప్పుడు మిరియాలు ఎండబెట్టుకుంటున్న అన్న ఇష్టపడి వచ్చి రెండు మాటలు చెప్తే చాలు. పేరు చెప్పమని, ఫొటో దిగమని ఎవరూ బలవంతపెట్టొద్దు. ఊరు చిన్నది, మాట త్వరగా పాకుతుంది.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైనే. కూలి పోగొట్టుకొని, కొడుకుని పట్టుకొని వారం వారం అంత దూరం ఎవరు వెళ్తారు? సంత రోజైనా కొండ మీదకి ఒక కౌన్సిలర్ రావాలి, మన భాష తెలిసినవాళ్ళైతే మరీ మంచిది. దీని మీద ఐటీడీఏ పీవో గారికి ఇవ్వడానికి అర్జీ రాస్తున్నాం.

ఇటుకల పండక్కి చదువుకునేవాళ్ళూ వలస వెళ్ళినవాళ్ళూ అందరూ ఊరు చేరతారు. థింసా ఆడే చోటే ఒక అరగంట అడుగుదాం. మీ సంత ఏ రోజో, మీ ఊళ్ళో ఏ భాషలో చెప్తే అర్థమవుతుందో కింద రాయండి. కువి, కొండ భాషల్లో బాగా మాట్లాడే అక్కలు ముందుకు రావాలి, మాలో ఎక్కువమందికి ఆదివాసీ ఒడియా ఒక్కటే వచ్చు.