నూరు గజాల చట్టం – విడి సిగరెట్టు

ప్రజల మేలు కోరి చేసిన చట్టాలలో కొన్ని కాగితం మీద ఎంత బలంగా ఉంటాయో, వీధిలో అంత బలహీనంగా ఉంటాయి. పొగాకు అమ్మకాన్ని నియంత్రించే చట్టం అట్టిదే. దానిని గురించి విద్యార్థులూ, కళాశాల పాలక సంఘంవారూ కలసి ఆలోచించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

పొగాకుపై పాలకుల ఆంక్షలు కొత్తవి కావు. పోర్చుగీసు వర్తకులతో మన దేశానికి వచ్చిన ఈ ఆకును పీల్చరాదని 1617లో జహంగీరు చక్రవర్తి ఆజ్ఞాపించినట్లు ఆయన స్వీయచరిత్ర వలన తెలియుచున్నది. ఆ ఆజ్ఞ నిలువలేదు; పొగాకు నిలిచింది. కృష్ణా లంకలలో చుట్టల పొగాకు పండింది. బందరు పేరు పెట్టుకొన్న నస్యం ఒకప్పుడు ఇంగ్లాండు దుకాణాలకెక్కింది. గుంటూరు వర్జీనియా ఆకు దేశదేశాలకు ఎగుమతి అయినది. కనుక పొగాకు మనకు ఒక దురలవాటు మాత్రమే కాదు. అది పంట, వర్తకం, ప్రభుత్వానికి పన్ను కూడ.

ద్వంద్వ వైఖరికి మూలం ఇక్కడే ఉన్నది. 1975లో మన పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. ఒకటి, సిగరెట్టు పెట్టెపై ఆరోగ్యానికి హానికరమను హెచ్చరికను అచ్చువేయించింది. రెండవది, పొగాకు పరిశ్రమ అభివృద్ధికై ఒక బోర్డును ఏర్పరచింది. 1976 జనవరి 1న ఆ బోర్డు గుంటూరు కేంద్రంగా వెలసింది. ఒక చేత హెచ్చరిక, వేరొక చేత ప్రోత్సాహం!

2003లో వచ్చిన చట్టం మొదటిదాని కంటె గట్టిది. బీడీ, చుట్ట, ఖైనీ, నస్యం, గుట్కా కూడ దాని పరిధిలోకి వచ్చాయి. పత్రికలలో, తెరపై పొగాకు ప్రకటనలు నిషిద్ధమైనవి. 18 ఏండ్లు నిండనివారికి అమ్మరాదన్నారు. విద్యాసంస్థకు నూరు గజాల లోపల ఎంత వయస్సు వారికైనా అమ్మరాదన్నారు. 2016 ఏప్రిల్ నుండి పెట్టె ముందు వెనుకల 85 శాతం మేర భయంకరమైన బొమ్మతో హెచ్చరిక ఉండవలెనన్నారు.

అయితే, ఆ బొమ్మను చూచేది ఎవరు? విద్యార్థి పెట్టె కొనడు. ఒక్క సిగరెట్టు కొంటాడు. పెట్టె కొట్టువాని దగ్గరే ఉంటుంది. కొట్టు ముంగిట వ్రేలాడే లైటరుతో వెలిగించుకొని పోయే పిల్లవాని చేతిలో ఏ హెచ్చరికా ఉండదు. పెట్టె ధర పెంచి, పన్ను పెంచి వేసిన అడ్డుకట్ట కూడ విడి అమ్మకం దగ్గరే తెగిపోవుచున్నది. అలవాటు మొదలయ్యేది ఆ ఒక్కదానితోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యాన కుదిరిన పొగాకు నియంత్రణ ఒప్పందాన్ని భారతదేశం 2004లో ఆమోదించింది. విడిగా సిగరెట్లు అమ్మడాన్ని నిషేధించుటకు ప్రయత్నించవలెనని దాని 16వ అధికరణం స్పష్టంగా చెప్పుచున్నది. మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో ఆ పని చేసింది. మన రాష్ట్రంలో కూడ విడి అమ్మకం పూర్తిగా ఆగిపోవలెను.

శిక్షల సంగతి మరింత విచిత్రం. నూరు గజాల నియమాన్ని ఉల్లంఘించిన వానికి 2003 చట్టం ప్రకారం జరిమానా రెండు వందల రూపాయలకు మించదు. అదే పొగాకును పిల్లలకు ఇచ్చిన వానికి 2015 నాటి బాలల న్యాయ చట్టం ఏడేండ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించింది. ఒకటి వర్తకుడు లెక్కచేయనంత చిన్నది. మరొకటి పేద కొట్టువానిపై ప్రయోగించుటకు ఎవరికీ మనసొప్పనంత పెద్దది. రెంటికీ నడుమ చట్టం నిద్రపోవుచున్నది.

కిళ్ళీ కొట్టు మీద బ్రతికే బీదవారి గతి ఏమి అని కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. గుడివాడ నుండి కైకలూరు పోవు రహదారిపైనున్న మన ముదినేపల్లి వంటి ఊళ్ళలో బడి, బస్సు ఆగు చోటు, బడ్డీ కొట్టు దగ్గర దగ్గరగానే ఉంటాయి. కాని చట్టం కొట్టును మూయమనలేదు, పొగాకు మానమన్నది. పుస్తకాలు, కలాలు, టీ, సోడా అమ్ముకొనుటకు ఏ అడ్డూ లేదు. పొగాకు పండించే రైతుకు వేరు పంట చూపించుట ప్రభుత్వ ధర్మం. ఆ భారం మన పిల్లల ఊపిరితిత్తుల మీద వేయుట ధర్మం కాదు.

పాలక సంఘంవారికి మా మనవి ఇది. నూరు గజాలను ప్రహరీ గోడ వెలుపలి అంచు నుండి అన్ని దిక్కులా కొలువవలెనని నియమం కలదు. అది సుమారు 91 మీటర్లు. ఒక టేపుతో ఒక పూటలో ముగిసే పని. ఆ నిషేధాన్ని తెలిపే బోర్డు ద్వారం దగ్గర ఉంచవలసిన బాధ్యత కూడ విద్యాసంస్థదే. దానిని తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయించండి. పిదప కొట్లవారిని పిలిచి, వారి కష్టసుఖాలు విని, గడువిచ్చి ఒప్పించండి. వినని యెడల అధికారులకు వ్రాయండి.

సోదర విద్యార్థులారా! పద్దెనిమిది నిండిన డిగ్రీ విద్యార్థిని వయస్సు నియమం కాపాడదు; నూరు గజాల నియమం మాత్రమే కాపాడగలదు. కొనేవాడున్నంత కాలం అమ్మేవాడుంటాడు. జహంగీరు ఆజ్ఞ ఢిల్లీ, ఆగ్రాలు దాటి జనంలోకి రాలేదు. నేటి చట్టం మన ద్వారం దాకా వచ్చి నిలిచినది. దానిని లోనికి పిలువవలసినవారము మనమే.