ఫొటో మనది, పేరెవరిది?

2027లో గోదావరి పుష్కరాలు. హైదరాబాద్, ముంబై పత్రికలోళ్ళకీ, యాడ్ ఏజెన్సీలకీ మన గోదారి బొమ్మలు కావాలి. రాజమండ్రి ఆర్చి వంతెన కావాలి, పాపికొండల మంచు కావాలి, కోనసీమ కొబ్బరితోటలు కావాలి, కడియం పూలు కావాలి. అవి తీసేది ఎవరు? తీశాక వాటి మీద హక్కు ఎవరికుంటాది? పుష్కరాలు వచ్చేలోపు కెమెరా పట్టిన మన కుర్రోళ్ళు తేల్చుకోవాల్సిన సంగతి ఇదేనండి.

మన ఊళ్ళల్లో ఫొటోగ్రాఫర్లకి కొదవ లేదు. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, ప్రీవెడ్డింగ్ షూట్లు. సీజన్లో నిద్ర ఉండదు, మూఢం వస్తే పని ఉండదు. ఆ ఖాళీలో చేలమ్మటా, ఏటిగట్లమ్మటా తిరిగి తీసిన ఫొటోల్లోనే వాళ్ళ అసలు పనితనం కనపడతాది. వాటిని సిటీకి పట్టుకెళ్ళి చూపించాలని అందరికీ ఉంటాది. ఎలా చూపించాలో చెప్పేవోడే ఉండడు.

నేను చెప్పబోయి ఓసారి చెడగొట్టాను. సఖినేటిపల్లి వైపు కుర్రోడొకడు బాగా తీస్తాడు. వాణ్ణి ఎంటేసుకుని గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీకి ఎల్లాను. ల్యాప్‌టాప్‌లో నాలుగొందల ఫొటోలు. అక్కడి మేడం గారు పదినిమిషాలు చూసి, "ఈయన స్పెషల్‌గా ఏం తీస్తారు?" అని అడిగింది. "అన్నీ తీస్తాడండి" అన్నాను. అది మొదటి తప్పు. అన్నీ తీసేవోళ్ళు సిటీలో వీధికి పదిమంది ఉన్నారు. "పెన్‌డ్రైవ్ ఉంచి ఎళ్ళండి, చూసి కబురు చేస్తాం" అంది. కుర్రోడు నా మొహం చూశాడు. "ఇచ్చెయ్యరా, మళ్ళీ పిలుత్తారు" అన్నాను. అది రెండో తప్పు.

పిలవలేదు. ఆరునెల్లకి భీమవరం రోడ్డు మీద పెద్ద హోర్డింగ్ లేచింది. రొయ్యల మేత యాడ్. తెల్లారగట్ల పంటు మీద చేపల గంప పెట్టుకుని నవ్వుతున్న ఒకావిడ. మావోడి ఫొటోనే. ఎక్కడా పేరు లేదు, పైసా రాలేదు. ఫోన్ చేత్తే, "మీరే ఇచ్చారు కదండీ" అన్నారు. కుర్రోడు నోరెత్తలేదు. "గొడవెడితే రేపు ఎవరూ పనివ్వరన్నా" అన్నాడు. సిటీవోళ్ళు బతికేది ఈ భయం మీదే.

చట్టం ఏమంటాదో చూడండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నీ అంతట నువ్వు తీసిన ఫొటోకి మొదటి హక్కుదారువి నువ్వే. రిజిస్ట్రేషన్ చేయించినా, చేయించకపోయినా నీదే. నువ్వు బతికున్నంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు నీ వారసులది. కాగితం మీద రాసి సంతకం పెడితేనే అది చేతులు మారతాది. రాసిచ్చినా, ఎన్నాళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే చెల్లుతాది, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. హక్కు అమ్మేసినా, ఈ ఫొటో నేను తీశానని చెప్పుకునే హక్కు నీ దగ్గరే ఉంటాది. పెన్‌డ్రైవ్ ఇచ్చినంత మాత్రాన ఫొటో ఇచ్చినట్టు కాదు.

ఇక్కడో మెలిక ఉంది. డబ్బులిచ్చి "ఈ ఫొటో తీసిపెట్టు" అని పురమాయిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు డబ్బులిచ్చినోడిదే. 17వ సెక్షన్లో ఈ మాట ఉంది. అందుకే అడ్వాన్స్ చేతిలో పడకముందే కాగితం అడగాలి. పడ్డాక అడిగితే ఆలస్యం.

సిటీకి పని పట్టుకెళ్ళడం రాజమండ్రికి కొత్త కాదు. ఇక్కడే 1897లో పుట్టిన దామెర్ల రామారావు గారిని ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర బొంబాయి జె.జె. స్కూల్‌కి పంపించాడు. రామారావు గారి బొమ్మలు చూసి అక్కడోళ్ళు నేరుగా మూడో ఏడాదిలో చేర్చుకున్నారు. ముప్పయ్యేళ్ళు నిండకుండానే, 1925లో ఆయన పోయాడు. బొమ్మలు మాత్రం రాజమండ్రి గ్యాలరీలో ఆయన పేరు మీదే ఉన్నాయి. ఆయన్ని చెయ్యట్టుకుని నడిపించడానికి విలువ తెల్సిన ఒక మనిషి ఉన్నాడు. ఇప్పుడు అలాంటి దొర ఎవరూ రారు. మనకి మనమే కావాలి. మండలానికి పదిమంది ఫొటోగ్రాఫర్లు కూడి ఒప్పంద కాగితం ఒకటి రాసుకుంటే, ఒక్కడి భయం పదిమందిలో సగమవుతాది.

చూపించే పద్ధతీ మార్చుకోవాలి. నాలుగొందలు కాదు, పదిహేను చాలు. అన్నీ ఒకే సంగతి చెప్పాలి: పంటు రేవు, ఇటుక బట్టీ, కొబ్బరి దింపు, ఏదో ఒకటి. పత్రికవాళ్ళకి ఫొటో కింద ఊరు, తేదీ, జరుగుతున్న పని రాసివ్వాలి. యాడ్ వాళ్ళకి వెలుతురు, రంగు, మాట రాసుకోడానికి ఖాళీ జాగా ఉన్నవి చూపించాలి. ఒరిజినల్ ఫైల్ ఇవ్వొద్దు. పేరేసిన చిన్న సైజు కాపీని ఈమెయిల్లో పంపితే ఎప్పుడు పంపావో సాక్ష్యం ఉంటాది. నచ్చిందంటే కాగితం మీద ఐదు మాటలు రాయించుకో: ఏ ఫొటో, దేనికి, ఎన్నాళ్ళు, ఎంతకి, పేరు ఎక్కడ వేస్తారు.

ఇంకోమాట చెప్పకపోతే నేను సగం నిజం రాసినట్టే. హోర్డింగ్ లేచిన వారానికి ఆ చేపలావిడ మావోణ్ణి పంటు మీద పట్టుకుంది. "నా బొమ్మకి ఎంతిచ్చార్రా నీకు?" అంది. ఆవిడ ఊళ్ళో రొయ్యల చెరువులొచ్చాక నుయ్యి ఉప్పగైపోయింది, తాగే నీళ్ళు కొనుక్కుంటన్నారు. ఆ ఊరి మనిషి మొహమే రొయ్యల మేతకి ప్రచారమైపోయింది. వాడి దగ్గర సమాధానం లేదు, నా దగ్గరా లేదు. మమ్మల్ని అడగలేదని సిటీవోళ్ళ మీద మండిపడ్డాం. ఆవిణ్ణి మేం అడిగామా?

అందుకే ఆరోమాట కూడా రాసుకోండి. మొహం కనపడే ఫొటో యాడ్‌కి ఇస్తుంటే, ఆ మనిషికి ఏ సరుకు కోసమో చెప్పి, ఒప్పుకోలు కాగితం తీసుకుని, వచ్చిన దాంట్లో వాటా ఇవ్వాలి. వద్దంటే ఆ ఫొటో తీసి పక్కనెట్టాలి.

మావోడు వచ్చే నెల మళ్ళీ ఎళ్తన్నాడు. పదిహేను ఫొటోలు ఏరుకున్నాడు, అన్నీ పంటు రేవువే. పోయినవారం ఆవిడింటికెళ్ళి కూర్చుని ఒక్కోటీ చూపించాడు. రెండు ఒప్పుకుంది, ఒకటి తీసెయ్యమంది. తీసేశాడు. ఇప్పుడు పద్నాలుగే ఉన్నాయి.