రికార్డు అమ్మాయిది, లేతు అబ్బాయిది

చీడికాడ చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా ఇప్పుడు ఇంజనీరింగ్ చదివే ఆడపిల్లలు ఒకరిద్దరైనా కనిపిస్తారు. పొద్దున్నే మొదటి బస్సుకి చోడవరం మీదుగా అనకాపల్లికో, విశాఖకో బయలుదేరే పిల్లల భుజాన సంచి, చేతిలో డ్రాయింగు షీట్ల గొట్టం. ముప్ఫై ఏళ్ల క్రితం ఇది మన ఊళ్లలో ఊహకందని దృశ్యం. పదో తరగతితో పెళ్లి, లేకపోతే చెరకు తోటలో కూలి అన్నదే అప్పటి ఆడపిల్ల బతుకు. ఈ మార్పును చూసి మనం సంతోషించాం, సంతోషించాల్సిందే. అయితే కాలేజీ గేటు దాటి లోపలికి వెళ్లిన పిల్లకు అక్కడ ఏం నేర్పుతున్నారో అడిగే పని మాత్రం మనం ఇంతవరకూ పెట్టుకోలేదు. సీటు వచ్చిందా, ఫీజు వచ్చిందా, ఉద్యోగం వచ్చిందా అన్న మూడు ప్రశ్నల దగ్గరే ఆగిపోయాం.

మొన్నొక ఆదివారం మా ఊళ్లో కొందరు తల్లులూ, కాలేజీ పిల్లలూ కలిసి కూర్చున్నప్పుడు ఒక తల్లి అన్న మాట ఈ సంపాదకీయానికి కారణం. "మా గుంట కరెంటు ఇంజినీరు సదువుతందమ్మా, మూడో ఏడు. మొన్న ఇంట్లో ఫీజు ఎగిరిపోతే తీగ మార్చడానికి పక్కింటి కుర్రోడిని పిలుచుకొచ్చింది." అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. కాసేపటికి మెల్లగా, "మాకు ల్యాబులో వైర్లు అబ్బాయిలే కలుపుతారు, మేము రీడింగులు రాస్తాం" అంది. అక్కడున్న మిగతా అమ్మాయిలు వేరే వేరే కాలేజీల వాళ్లు. వాళ్లు కూడా అవునన్నట్టు తలలూపారు.

తర్వాత ఒక్కొక్కరూ చెప్పుకొచ్చారు. మొదటి సంవత్సరం వర్క్‌షాపులో ఫిట్టింగు, కార్పెంటరీ, రేకుపని, ఇంటి వైరింగు ఉంటాయి. ఐదారుగురికి ఒక బల్ల, ఒక పట్టీ, ఒక ఆకురాయి. రంపం పట్టుకునేది ఎవరో ఎవరూ నిర్ణయించరు, అది దానంతటదే నిర్ణయమైపోతుంది. ఇంట్లో సైకిలు విప్పి బిగించిన అలవాటున్న కుర్రాడు ముందుకొస్తాడు. చిన్నప్పటినుంచి 'అది ముట్టుకోకు' అన్న మాట విన్న పిల్ల అడుగు వెనక్కి వేస్తుంది. దస్తూరీ బాగుంటుందన్న పేరుతో రికార్డు ఆమెకు అప్పగిస్తారు. తన బ్యాచిలోని ముగ్గురు మగపిల్లల రికార్డులు కూడా తానే రాశానని ఒక అమ్మాయి చెప్పింది, అదీ కొంచెం గర్వంగానే. లేతు దగ్గరికి వెళితే చున్నీ చిక్కుకుంటుంది, దూరంగా నిలబడి చూడమన్నారట. చున్నీ చిక్కుకునే ప్రమాదం నిజమే. అయితే దానికి తగినది బిగుతుగా ఉండే కోటు, కాళ్లకు బూట్లు. అవి ఇవ్వకుండా పిల్లనే పక్కకు నెట్టడం ఏ భద్రతా శాస్త్రం?

ఇదంతా చిన్న విషయమని కొందరికి అనిపించవచ్చు. కానీ చేత్తో చేసినప్పుడు తప్పు జరుగుతుంది, ఆ తప్పు ఎందుకు జరిగిందో వెతుక్కున్నప్పుడు పాఠం తలకెక్కుతుంది. రీడింగులు రాసినవాళ్లకు అంకెలు మాత్రమే మిగులుతాయి. నాలుగేళ్లు ఇలా గడిచాక ఇంటర్వ్యూలో "మీరు స్వయంగా ఏం చేశారు?" అని అడిగితే ఆ పిల్ల దగ్గర జవాబుండదు. అప్పుడు ఆడపిల్లలకు థియరీయే వస్తుంది, సైటు పనికి పనికిరారు అని పెద్దమనుషులు తేలుస్తారు. నాలుగేళ్లపాటు చేతులు కట్టేసి, చివర్న చేతకాదని తీర్పు చెప్పడమన్నమాట.

మన తెలుగువాళ్లలోనే ఇందుకు ఎదురు నిలిచిన ఉదాహరణ ఉంది. అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో పుట్టింది. పదిహేనేళ్లకు పెళ్లి, పద్దెనిమిదేళ్లకు వైధవ్యం, ఒళ్లో నెలల పసిపిల్ల. అలాంటి స్త్రీ 1940లో గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ విభాగంలో చేరింది. తండ్రి పప్పు సుబ్బారావు అక్కడే ప్రొఫెసరు కావడం వల్ల తలుపు తెరుచుకున్న మాట నిజమే, అలాంటి తండ్రి లేనివాళ్ల సంగతి వేరు. చదువు ముగిశాక జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాదిపాటు శిక్షణ పొంది 1944లో పట్టా తీసుకుంది. ఆ కాగితం మీద 'అతడు' అని అచ్చయి ఉన్న ఇంగ్లీషు మాటను కొట్టేసి 'ఆమె' అని దిద్ది ఇచ్చారు. తర్వాత ఆమె భాక్రా నంగల్ ప్రాజెక్టుకు విద్యుత్ పరికరాల పని చేసింది. రైల్వే వర్క్‌షాపులో 1940లలో ఒక వితంతువు నేర్చుకోగలిగిన పని, ఎనభై ఏళ్ల తర్వాత మన పిల్లలు గీత అవతల నిలబడి చూడవలసి రావడం ఏమిటి?

లలిత పట్నపు చదువుల కుటుంబంలోది అంటారా? ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాకు వెళ్దాం. అక్కడ 1990ల మొదట్లో మహిళా సమాఖ్య కార్యక్రమం కింద అక్షరం ముక్క రాని దళిత, ఆదివాసీ స్త్రీలు చేతిపంపుల మరమ్మతు నేర్చుకున్నారు. పైపులు పైకి లాగి, వాషర్లు మార్చి, మళ్లీ దించారు. ఆ పని చేస్తూ చేస్తూ చదువు కావాలని వాళ్లే అడిగారు. వాళ్లకు పనిముట్టు ముందు వచ్చింది, అక్షరం తర్వాత వచ్చింది. మన ఇంజనీరింగ్ విద్యార్థినికి అక్షరాలు నాలుగేళ్లపాటు వస్తూనే ఉంటాయి, పనిముట్టు మాత్రం చేతికి రాదు.

పరీక్షల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 'ఇంపార్టెంట్' ప్రశ్నలు, గైడు పుస్తకాలు, పరీక్ష ముందు రాత్రి బట్టీ. అందరికీ తెలిసిన భాగోతమే.

భాష సంగతి మాత్రం కొంచెం ఆగి చూడాలి. పల్లెటూరి బడిలో తెలుగులో లెక్కలు బాగా చేసిన పిల్ల కాలేజీలో ఒక్కసారిగా మౌనం వహిస్తుంది. పాఠం అర్థం కాక కాదు, ప్రశ్న ఇంగ్లీషులో అడగడం రాక. తప్పు మాట్లాడితే వెనక బెంచీ నవ్వుతుంది. ఆ నవ్వు మగపిల్లవాడికీ బాధే, ఆడపిల్లకు ఇంకా ఎక్కువ తగులుతుంది. 2021లో ఏఐసీటీఈ తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అనుమతినిచ్చింది, పుస్తకాలూ రాయించింది. కానీ తెలుగులో చదివితే ఉద్యోగం రాదన్న భయం ముందు ఆ ప్రయత్నం నిలవడం కష్టం, ఆ భయం అబద్ధమని మేమూ అనలేం. మేము అడిగేది అంతకన్నా చిన్నది. పాఠ్యపుస్తకం ఇంగ్లీషులో ఉండనివ్వండి, తరగతిలో ప్రశ్న తెలుగులో అడిగే హక్కు ఉండాలి, జవాబు కూడా తెలుగులో చెప్పాలి. దీనికి ఏ జీవో అక్కర్లేదు, పాఠం చెప్పే మనిషికి మనసుంటే రేపటినుంచి మొదలుపెట్టవచ్చు.

ఇక అసలు విషయం, ఏం నేర్పుతున్నారన్నది. మన ప్రాంతం బెల్లం పండే నేల. అనకాపల్లిలో చెరకు పరిశోధన 1913లోనే మొదలైంది. గానుగ ఆడే కాలంలో పెనం కింద పొయ్యి దగ్గర చూడండి, చెరకు పిప్పి ఎండబెట్టేదీ, మోసేదీ ఎక్కువగా స్త్రీలే. పొయ్యి ఎగదోసే చోట పొగ, సెగ, కళ్ల మంట, కీళ్ల నొప్పులు. పిప్పి తడిగా ఉంటే పొగ ఎక్కువ, గాలి సరిగా ఆడకపోతే సగం వేడి పొగగొట్టంలోంచి ఆకాశానికి పోతుంది. దీన్ని ఇంజనీరింగ్ భాషలో హీట్ బ్యాలెన్స్ అంటారు. మెకానికల్ విద్యార్థులందరూ ఈ లెక్క చేస్తారు, ఎక్కడో ఉన్న బాయిలరుకు, పుస్తకంలో ఇచ్చిన అంకెలతో. ఇంటి వెనకున్న పొయ్యికి ఆ లెక్క వర్తిస్తుందని వాళ్లకు ఎవరూ చెప్పరు. పిప్పి ఎంత పోశాం, రసం ఎంత మరిగింది, పొగ ఎంత వేడిగా పోయింది అని కొలిచి, గాలి రంధ్రం ఎక్కడ పెట్టాలో తేల్చి, ఆ పొయ్యి దగ్గర పనిచేసే అమ్మను అడిగి సరిచేస్తే అదే గొప్ప ప్రాజెక్టు. ప్రస్తుతం ప్రాజెక్టులు బజార్లో కొంటున్నారు. రిపోర్టు, బైండింగు, మోడలు అన్నీ కలిపి ఇంత అని ధర.

సివిల్ వాళ్లకైతే మన మండలంలోనే బొడ్డేరు మీద కోనాం జలాశయం ఉంది. కాలువ మొదట్లో ఉన్న పొలానికీ, శివారు భూమికీ నీరు చేరడంలో తేడా ఎందుకు వస్తుంది, దారిలో ఎంత ఇంకిపోతుంది అన్నది సర్వే పాఠం, హైడ్రాలిక్స్ పాఠం కూడా. నాట్లు వేసే ఆడవాళ్లకు ఏ మడికి నీరు ఎప్పుడొస్తుందో నోటికి తెలుసు. ఆ తెలివిని ఎవరూ పాఠంగా లెక్కించరు.

స్త్రీలను అడగకుండా ఇంజనీర్లు స్త్రీల కోసం తయారుచేస్తే ఏమవుతుందో పొగలేని పొయ్యిల పథకం చూపించింది. 1980లలో మొదలైన ఆ జాతీయ పథకం 2002లో ఆగిపోయేదాకా దేశమంతటా కోట్ల పొయ్యిలు కట్టింది. చాలా ఊళ్లలో అవి ఏడాది తిరక్కుండానే మూలపడ్డాయి. గిన్నెల కొలతలు కుదరవు, గొట్టం మసితో పూడుకుపోతుంది, పగిలితే బాగుచేసేవాడు లేడు. వండే మనిషిని ముందు అడిగి ఉంటే ఇవన్నీ తెలిసేవే. అడగాలని ఆ ఇంజనీర్లకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు. మరోపక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో అక్షరాస్యత వాచకంలోని పాఠం స్త్రీల సొంత బతుకు గురించి మాట్లాడింది గనకే వాళ్లు పుస్తకం మూసి సారా దుకాణం మీదికి నడిచారు. పాఠం బతుకును తాకితే ఎలా ఉంటుందో చూసినవాళ్లం మనం.

కాలేజీలో చదువు తరగతి గదిలోనే జరగదు. సాయంత్రం ఆరు దాటితే అమ్మాయిల హాస్టలుకు తాళం పడే చోట్లు ఎన్నో ఉన్నాయి. లైబ్రరీ, కంప్యూటర్ ల్యాబు మాత్రం ఎనిమిదిదాకా తెరిచే ఉంటాయి, అబ్బాయిల కోసం. హాస్టలు వేళల మీద 2015లో ఢిల్లీ విద్యార్థినులు చేసిన పింజ్రా తోడ్ ఆందోళన అడిగింది ఈ సంగతే. ఇక ఇంటర్నల్ మార్కులు. చాలాచోట్ల వందకు 30 కాలేజీ చేతిలోనే ఉంటాయి. వైవా, ప్రాజెక్టు గైడు సంతకం కూడా అంతే. ఆ అధికారం ఒక మనిషి చేతిలో గుట్టుగా ఉన్నప్పుడు వేధింపుకు అదే దారి. 1997లో విశాఖ తీర్పు వచ్చింది, 2013లో చట్టం వచ్చింది, 2016లో సాంకేతిక విద్యాసంస్థలకు ఏఐసీటీఈ ప్రత్యేక నిబంధనలు పెట్టింది. ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు గోడమీద ఉన్నాయా అని మా సమావేశంలో అడిగితే ఇద్దరే చూశామన్నారు. ఆ ఇద్దరిలో ఒకరికి అది ర్యాగింగ్ కమిటీయో, ఇదో తెలియదు.

పాఠం చెప్పే స్త్రీల సంగతీ మరవకూడదు. ప్రైవేటు కాలేజీల్లో అధ్యాపకురాళ్లు ఎంతోమంది. నెలల తరబడి జీతాలు రాక, తనిఖీ బృందాల కోసం ఫైళ్లు తయారుచేస్తూ, అడ్మిషన్ల కాలంలో ఇంటింటికీ తిరుగుతూ ఉన్న మనిషి కొత్త పద్ధతిలో బోధించాలంటే ఎక్కడ కుదురుతుంది?

ఫీజు రీఇంబర్స్‌మెంటు 2007-08 తర్వాత మన పిల్లలకు తలుపు తెరిచింది, ఆ పథకాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో మాకు ఏకీభావం లేదు. కానీ ఆ డబ్బును చూసుకునే కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. బకాయిలు పడితే సర్టిఫికెట్లు ఆపేది పిల్లలవే. 2021 నుంచి కొంతకాలం సొమ్ము తల్లుల ఖాతాల్లో వేసినప్పుడు, ఆలస్యమైన ప్రతిసారీ కాలేజీ గుమాస్తా ముందు నిలబడింది తల్లే. 2024-25లో సీట్ల గరిష్ఠ పరిమితి ఎత్తేశాక చాలా కాలేజీలు కంప్యూటర్ సీట్లు పెంచుకుని, మెకానికల్, సివిల్ సీట్లు తగ్గించాయి. ఆడపిల్లకు ఏసీ గదిలో ఉద్యోగమే క్షేమం అనే ఇంటి మాటకూ ఈ వ్యాపారానికీ బాగా పొత్తు కుదిరింది.

కంప్యూటర్ విభాగంలోనైనా బోధన మారితే ఏం జరుగుతుందో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చూశారు. అక్కడ కంప్యూటర్ సైన్సులో చేరే స్త్రీలు 1995లో నూటికి 7 మంది. ముందే ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకే పెద్దపీట వేయడం మానారు, రానివాళ్లు మొదలుపెట్టడానికి వేరే దారి పెట్టారు, తరగతి వాతావరణం మీద శ్రద్ధ పెట్టారు. 2000 నాటికి చేరేవాళ్లలో స్త్రీలు 42 శాతమయ్యారు. ఆ ఐదేళ్లలో ఎక్కువకాలం ఆ విభాగానికి డీన్‌గా ఉన్నది మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. పదో తరగతి మార్కుల మీద పల్లె పిల్లలను తీసుకునే ట్రిపుల్ ఐటీలు 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైనప్పుడు వాటి విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ కూడా ఆయనే. పిల్లల్లో లోపం లేదు, మొదలుపెట్టించే తీరులోనే ఉందన్న సంగతి మనవాళ్లకు తెలియంది కాదు.

మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. సిలబస్ ఆంధ్ర విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూల చేతిలో ఉంటుంది. దాన్ని మార్చడం ఇప్పటికిప్పుడు మన వల్ల కాకపోవచ్చు. ల్యాబులో వంతు మాత్రం అడగవచ్చు. బ్యాచిలో ప్రతివారం యంత్రం నడిపేవారు, కొలిచేవారు, రాసేవారు మారాలి, చేసినందుకే మార్కులు పడాలి. కోటు, బూట్లు కాలేజీయే ఇవ్వాలి. హాస్టలు వేళా, లైబ్రరీ వేళా ఒకటి కావాలి. ఉన్నత్ భారత్ అభియాన్ కింద కాలేజీలు ఐదేసి గ్రామాలను దత్తత తీసుకుంటున్నాయి. చాలాచోట్ల అది ఒకరోజు చీపుర్లు పట్టుకుని ఫొటో దిగడంతో సరి. మన మహిళా సంఘాలే ఆ కాలేజీలకు వెళ్లి, మా ఊరి గానుగ పొయ్యి, మా బోరింగు, మా కాలువ చూడటానికి పిల్లలను పంపండి అని రాతపూర్వకంగా అడగాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు టిక్కెట్టు లేదు, రాకపోకల ఖర్చు వంక కూడా చెల్లదు.

మీ ఊళ్లో ఇంజనీరింగ్ చదివే ఆడపిల్లలను ఈ మూడు నెలల్లో కలిసి ఒక్క ప్రశ్న అడగండి: ఈ ఏడాది ల్యాబులో నీ చేత్తో నువ్వు నడిపిన యంత్రం ఏది? జవాబులను, ఏమీ లేదన్న జవాబులను కూడా, కాలేజీ పేరు లేకుండా మాకు రాసి పంపండి. వచ్చే సంచికలో వేస్తాం. ఆ సంచికను చుట్టుపక్కల కాలేజీల ప్రిన్సిపాళ్లకు మేమే స్వయంగా తీసుకువెళ్లి ఇస్తాం. ఫీజు తీగ గురించి చెప్పిన ఆ తల్లి తానూ వస్తానంది.