నడుముకి ఆపరేషనా?

"నడుముకి ఆపరేషనా? చేయించుకుంటే మళ్ళీ లేవరట!" – ఈ మాట వినని ఇల్లుండదు. హోసూరులో మా బావగారి విషయంలో మా ఇంట్లోనూ ఇదే చర్చ నడిచింది. నేను బ్యాంకు ఉద్యోగిని, వైద్యుణ్ణి కాను. ఆయన వెంట ఆసుపత్రికి తిరుగుతూ తెలుసుకున్నవీ, ఆ తర్వాత చదివినవీ మీ ముందుంచుతున్నాను.

మన నడుములో అయిదు పూసలు. పూసకూ పూసకూ మధ్య మెత్తలాగా డిస్కు ఉంటుంది. దాని పైపొర చిట్లి లోపలి గుజ్జు బయటికొస్తే పక్కనున్న నరాన్ని నొక్కుతుంది. నొప్పి పిరుదు నుంచి పాదం దాకా పాకుతుంది. అదే సయాటికా. దీనికి డిస్కు కారణమని 1934లో అమెరికా వైద్యులు మిక్స్‌టర్, బార్ వివరించారు. 1977లో యాసర్‌గిల్, కాస్పర్ మైక్రోస్కోపుతో చేసే పద్ధతిని ప్రకటించారు. ఇందులో అంగుళం, అంగుళంన్నర గాటు చాలు. నరాన్ని మెల్లగా పక్కకు జరిపి, నొక్కుతున్న ముక్కను తీసేస్తారు. చాలామంది ఆ రోజో, మర్నాడో లేచి నడుస్తారు.

అలాగని అందరికీ ఆపరేషన్ అక్కరలేదు. ఎక్కువమందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో నొప్పి తగ్గుముఖం పడుతుంది. నెదర్లాండ్స్‌లో 283 మందిని పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. ముందుగా ఆపరేషన్ చేయించుకున్నవారికి నొప్పి త్వరగా తగ్గింది. కానీ ఏడాది తిరిగేసరికి, ఆగి చూసినవారూ వారూ ఇంచుమించు సమానమే. ఆగినవారిలో 39 శాతం మందికి మాత్రం ఆ ఏడాదిలోనే ఆపరేషన్ తప్పలేదు.

అయితే వాయిదా వేయకూడని సందర్భాలున్నాయి. మా బావగారికి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు, పాదం పైకి లేచేది కాదు. ఇంట్లో అందరూ నూనె మర్దనా చేయిద్దామన్నారు. కానీ అది ఉత్త నొప్పి కాదు, నరం బలం పోతున్న గుర్తు. అందుకే ఆపరేషన్ చేశారు. కాలి నొప్పి వెంటనే తగ్గింది గాని, పాదానికి బలం రావడానికి నెలలు పట్టింది. ఇక మూత్రం బిగిసినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తగ్గినా గంటల్లో ఆసుపత్రికి చేరాలి.

మరొక్క మాట. ఏ బాధా లేనివారి స్కానింగులో కూడా డిస్కు ఉబ్బు కనబడవచ్చు. కనుక సంతకం పెట్టే ముందు డాక్టరుగారిని అడగండి: "స్కానింగులో నొక్కుకున్న నరమూ, కాలిలో నొప్పి ఉన్న చోటూ సరిపోయాయా? కొన్నాళ్ళు ఆగితే నష్టమేమిటి?" లెడ్జరూ, పాసు పుస్తకమూ సరిపోయాకే కదా మేము సంతకం చేసేది!