మూడున్నరకు చేతిలో మిగిలేదెంత?

2024 జూన్ 3న లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ ఊపులో సెన్సెక్స్ 2,500 పాయింట్లకు పైగా ఎగిరింది. మర్నాడు ఓట్ల లెక్కింపు సాగుతుండగానే 4,389 పాయింట్లు కూలింది. ఆ మర్నాడు మళ్లీ 2,300 పాయింట్లు కోలుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం గెలుపుతో, ఆ పార్టీ అధినేత కుటుంబానికి చెందిన హెరిటేజ్ ఫుడ్స్ షేరైతే ఆ ఒక్క వారంలోనే యాభై శాతానికి పైగా పెరిగింది.

డే ట్రేడింగ్ మీద మోజు పుట్టేది ఇలాంటి రోజుల్లోనే. పొద్దున తొమ్మిదింపావుకు మార్కెట్ తెరవగానే కొని, మూడున్నరలోపు అమ్మేసి, నెల జీతమంత మిగుల్చుకున్నవాళ్లు ఆ వారం ఉండే ఉంటారు. వాళ్ల స్క్రీన్‌షాట్లు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. పోగొట్టుకున్నవాళ్లు మాత్రం ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోరు.

బయటికి రాని ఆ లెక్కను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 జులైలో బయటపెట్టింది. 2022-23లో ఇంట్రాడే, అంటే డే ట్రేడింగ్, చేసిన వ్యక్తుల్లో ప్రతి పదిమందికి ఏడుగురు నష్టపోయారు. 30 ఏళ్ల లోపువారిలో నష్టపోయినవారు 76 శాతం. 2018-19లో ఇంట్రాడే చేసేవారిలో ఈ వయసువాళ్లు 18 శాతమే ఉండగా, నాలుగేళ్లలో 48 శాతానికి చేరారు. చేయగా చేయగా చెయ్యి తిరుగుతుందని చాలామంది నమ్మకం. కానీ ఏడాదికి 500కు పైగా ట్రేడ్లు చేసినవారిలో నష్టపోయింది 80 శాతం! పొద్దున పోయింది మధ్యాహ్నానికల్లా రాబట్టాలన్న ఆత్రంతో ఒకదాని మీద ఒకటి ఆర్డర్లు పెట్టడమే ఇక్కడ కొంప ముంచుతోంది.

ఖర్చుల సంగతి ఇంకా తక్కువమందికి పడుతుంది. చేతిలో 20 వేలుంటే బ్రోకరు ఇచ్చే ఐదు రెట్ల మార్జిన్‌తో లక్ష రూపాయల షేర్లు కొనవచ్చు. కొన్నప్పుడు 20, అమ్మినప్పుడు 20 రూపాయల బ్రోకరేజి. అమ్మకం మీద సెక్యూరిటీల లావాదేవీల పన్ను (ఎస్టీటీ) 25 రూపాయలు. ఎక్స్చేంజి రుసుము, జీఎస్టీ, స్టాంపు సుంకం కలిపితే మొత్తం 80 రూపాయల పైమాటే. రోజుకు ఐదుసార్లు కొని అమ్మితే 400. నెలకు ఇరవై రోజులు ఇలాగే సాగితే ఎనిమిది వేలు. అంటే షేరు ధర పెరగకపోయినా, తరగకపోయినా సొంత సొమ్ములో 40 శాతం రుసుముల కిందే కరిగిపోతుంది. ఆ పైన పన్ను కూడా ఉంది. ఇంట్రాడే లాభం స్పెక్యులేషన్ ఆదాయం కిందికి వస్తుంది, శ్లాబు ప్రకారం కట్టాలి. నష్టాన్ని మాత్రం జీతంలోంచి తీసేసుకోవడానికి లేదు.

ఇంట్రాడే అచ్చిరాక ఫ్యూచర్స్, ఆప్షన్ల (ఎఫ్ అండ్ ఓ) వైపు వెళ్లేవారి పరిస్థితి మరీ దారుణం. 2021-22 నుంచి మూడేళ్లలో కోటిమందికి పైగా వ్యక్తులు ఎఫ్ అండ్ ఓలో దిగితే 93 శాతం మంది నష్టపోయారు. అందరిదీ కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనే పోయింది. ఇదే ఎఫ్ అండ్ ఓలో 2023-24లో ఖర్చులు తీయకముందు సొంత ఖాతాలో ట్రేడ్ చేసే సంస్థలు 33 వేల కోట్లు, విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపరులు 28 వేల కోట్లు గడించారు. ఆ లాభాల్లో దాదాపు అంతా కంప్యూటర్ అల్గారిథమ్‌లతో వచ్చిందే. హాస్టల్ గదిలో ఫోన్ పట్టుకున్న కుర్రాడు తలపడుతున్నది ఈ యంత్రాలతో. ఆ కుర్రాడి తెలివిని తక్కువ చేయడం కాదిది. బరిలో ఇద్దరి బలం ఒకటి కాదు, అంతే.

పదిమందిలో తొమ్మిదిమంది నష్టపోతున్నారని ఎఫ్ అండ్ ఓ ఖాతాదారులకు లాగిన్‌లోనే చూపించాలని 2023 జులై నుంచి బ్రోకర్లకు నిబంధన ఉంది. అయినా 2024-25లో వ్యక్తుల నికర నష్టం లక్షా ఐదు వేల కోట్లు దాటింది. ఆ పదోవాడు తానేనని ప్రతివాడూ అనుకుంటుంటే ఊరందరి లెక్క ఎవరికి తగులుతుంది? ఎవరి లెక్క వారికే చూపాలి. ఖాతా తెరిచిన నాటి నుంచి ఖర్చులన్నీ పోగా మిగిలిందెంతో, పోయిందెంతో ప్రతి ఉదయం మొదటి ఆర్డరుకు ముందు తెర మీద కనపడాలి. ఇంట్రాడేకూ, ఎఫ్ అండ్ ఓకూ ఈ నిబంధన సెబీ వెంటనే తేవాలి.

అది వచ్చేదాకా ఆగనక్కర్లేదు. రేపు మార్కెట్ తెరిచేలోపు యాప్‌లోంచి లాభనష్టాల పట్టిక దించుకుని, చార్జీలు తీసేశాక వచ్చే అంకెను ఇంట్లోవాళ్ల ముందు పెట్టి చూడండి.