ఫ్రీ ఏజెంట్ అంటే ఫ్రీగా వచ్చినవాడు కాదు, తమ్ముళ్లూ



మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు స్క్రీన్‌షాట్ పెట్టాడు. కెరీర్ మోడ్‌లో తన టీమ్‌లోకి ముప్పై రెండేళ్ల మిడ్‌ఫీల్డర్‌ని తెచ్చుకున్నాడట. కింద ఒకటే ముక్క రాశాడు: "ఫ్రీగా దొరికాడు, ఎవడూ కొనలేదు పాపం." దాని కింద బోలెడన్ని నవ్వు బొమ్మలు పడ్డాయి. మేమూ నవ్వాం. తర్వాత రూంలో కూర్చుంటే ఆ 'ఫ్రీ' అనే మాట మీదే చర్చ మొదలై రాత్రి చాలాసేపు నడిచింది. అందులో తేలింది అందరితో పంచుకుందామని ఈ పోస్టు. కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

ముందే చెప్తున్నాం, ఇది గేమ్స్ ఆడొద్దనే పోస్టు కాదు. ఆ మాట చెప్పడానికి వార్డెన్ సార్లు ఉన్నారు. మేమూ ఆడతాం. అందుకే ముందు ఆట గురించే మాట్లాడుకుందాం.

మనలో ఎక్కువ మంది ఆడేది మన ఫుట్‌బాల్, అంటే కాలితో ఆడేది. ఫిఫా అనే పేరుతో వచ్చి ఇప్పుడు ఈఏ ఎఫ్‌సీ అయిన గేమ్. కొందరు అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్ మాడెన్ కూడా ఆడతారు. రెండింట్లోనూ టీమ్ కట్టాలి, కానీ ఆటగాణ్ణి తెచ్చుకునే దారి వేరు. ఫిఫాలో ఒక క్లబ్బుకి డబ్బు కట్టి ఆటగాణ్ణి తీసుకుంటాం. లేదా మన ఆటగాణ్ణి ఇచ్చి, పైన కొంత కట్టి మార్చుకుంటాం. లేదా కాంట్రాక్ట్ అయిపోయినవాణ్ణి, పాత క్లబ్బుకి రూపాయి కట్టకుండా తెచ్చుకుంటాం. మాడెన్ ఫ్రాంచైజ్‌లో డబ్బిచ్చి కొనడం ఉండదు. ట్రేడ్ ఉంటుంది, అంటే ఆటగాడికి ఆటగాడు, లేకపోతే వచ్చే ఏడాది డ్రాఫ్ట్ పిక్. దాంతోపాటు సీజన్ అయ్యాక ఫ్రీ ఏజెన్సీ ఉంటుంది. అందరి జీతాలూ కలిపి శాలరీ క్యాప్ దాటకూడదు.

మా అనుభవం ఒకటే. పెద్ద పేరున్న స్ట్రైకర్ కోసం బడ్జెట్ మొత్తం ఊడ్చి పెట్టినవాడి టీమ్ రెండో సీజన్‌కే కుంటుతుంది. కాంట్రాక్ట్‌లో ఆరు నెలలే మిగిలినవాళ్లని జనవరిలోనే వెతికి, వేరే దేశం క్లబ్బులో ఉన్నవాడితో ముందే మాట్లాడుకుని పెట్టుకున్నవాడు నిలబడతాడు. ట్రేడ్‌లోనూ అంతే. కంప్యూటర్ టీమ్ వయసు, రేటింగ్, పొజిషన్ చూసి విలువ కడుతుంది. వయసు ముదిరి రేటింగ్ పడిపోవడానికి ఏడాది ముందే ఇచ్చేసి డ్రాఫ్ట్ పిక్‌లు తీసుకోవాలి. అసలు ఆటలోనూ ఇదే జరిగింది. 1989లో డల్లాస్ కౌబాయ్స్ తమ స్టార్ హెర్షెల్ వాకర్‌ని మినెసోటాకి ఇచ్చేసి, బదులుగా ఐదుగురు ఆటగాళ్లనీ చాలా డ్రాఫ్ట్ పిక్‌లనీ తీసుకుంది. అప్పుడు చాలామంది నవ్వారు. తర్వాత 1990ల్లో ఆ టీమ్ మూడు సూపర్ బౌల్‌లు గెలిచింది.

ఇక మన తమ్ముడు "పాపం" అన్న ముప్పై రెండేళ్ల మిడ్‌ఫీల్డర్ సంగతి. 2011లో ఏసీ మిలాన్‌లో ఆంద్రియా పిర్లో కాంట్రాక్ట్ అయిపోయింది. వయసు ముప్పై రెండు. యువెంటస్ పాత క్లబ్బుకి ఏమీ కట్టకుండా తెచ్చుకుంది. ఆ సీజన్‌లో యువెంటస్ ఇటలీ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఛాంపియన్ అయింది. 2024లో ఎంబాపె పారిస్ నుంచి రియల్ మాడ్రిడ్‌కి వెళ్లిందీ ఇలాగే. వీళ్లు ఎవరూ కొనక మిగిలిపోయినవాళ్లా? కాదు కదా.

మనం పొరపాటు పడేది ఇక్కడే. 'ఫ్రీ' అనగానే మనకి ఉచితం అని వినిపిస్తుంది. బస్ పాస్ ఫ్రీ, బియ్యం ఫ్రీ, హాస్టల్ ఫ్రీ. మన గురించి బయటివాళ్లు మాట్లాడేటప్పుడు కూడా ఆ మాటే ఎక్కువ వాడతారు, "మీకన్నీ ఫ్రీయే కదా" అని. కానీ ఫ్రీ ఏజెంట్‌లో ఉన్న ఫ్రీకి అర్థం ఉచితం కాదు, స్వేచ్ఛ. తన కాగితం తన చేతిలో ఉన్నవాడు అని. ఆ కాగితం ఊరికే చేతికి రాలేదు.

యూరప్‌లో ఈ హక్కు తెచ్చినవాడు పెద్ద స్టార్ కాదు. పేరు జాన్ మార్క్ బోస్మన్. బెల్జియంలో లీయేజ్ క్లబ్బుకి ఆడేవాడు. 1990లో అతని కాంట్రాక్ట్ అయిపోయింది. క్లబ్ కొత్త కాంట్రాక్ట్ ఇస్తానంది కానీ జీతం నాలుగో వంతుకి తగ్గించింది. అతను ఒప్పుకోకుండా ఫ్రాన్స్‌లోని డంకర్క్ క్లబ్బుకి వెళ్తానన్నాడు. అప్పటి పద్ధతి ఏంటంటే, కాంట్రాక్ట్ అయిపోయినా కొత్త క్లబ్ పాత క్లబ్బుకి డబ్బు కట్టాల్సిందే. బెల్జియం ఫుట్‌బాల్ సంఘం నుంచి బదిలీ సర్టిఫికెట్ వెళ్తేనే అవతల ఆడనిస్తారు. డంకర్క్ డబ్బు కట్టగలదో లేదో అని లీయేజ్‌కి అనుమానం వచ్చింది. ఆ సర్టిఫికెట్ పంపమని సంఘాన్ని అడగనేలేదు. పైగా బోస్మన్‌ని సస్పెండ్ చేసింది. ఒక్క కాగితం కదలక ఒక మనిషి ఆట ఆగిపోయింది.

అతను కోర్టుకెళ్లాడు. ఐదేళ్లు తిరిగాడు. 1995 డిసెంబర్ 15న యూరప్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాడు యూరోపియన్ యూనియన్‌లో వేరే దేశం క్లబ్బుకి వెళ్తుంటే, పాత క్లబ్ డబ్బు అడగడానికి వీల్లేదని. ఆ తీర్పుతో తర్వాతి తరాల ఆటగాళ్లు కోట్లు సంపాదించారు. బోస్మన్‌కి మాత్రం అప్పటికే ఆడే వయసు దాటిపోతోంది. తర్వాత డబ్బుకీ ఇబ్బంది పడ్డాడు. గేమ్‌లో మనం ఒక్క బటన్ నొక్కి వాడుకునేది ఆయన పోగొట్టుకున్న సంవత్సరాల్ని.

అమెరికాలోనూ ఊరికే రాలేదు. 1992లో మినియాపోలిస్‌లో జ్యూరీ ఆటగాళ్ల పక్షాన నిలిచాకే, 1993 నుంచి ఇప్పుడున్న ఫ్రీ ఏజెన్సీ మొదలైంది. ఆ ఏడాదే రెజ్జీ వైట్ తన ఇష్టంతో ఫిలడెల్ఫియా వదిలి గ్రీన్ బేకి వెళ్లాడు. దానికి బదులుగా ఓనర్లు శాలరీ క్యాప్ తెచ్చుకున్నారు. 1994లో అది టీమ్‌కి 34.6 మిలియన్ డాలర్లు. అంటే మాడెన్‌లో మనల్ని విసిగించే ఆ క్యాప్ కూడా ఒక బేరసారం ఫలితమే.

ట్రేడ్‌కీ ఫ్రీ ఏజెన్సీకీ అసలు తేడా అప్పుడు మాకు అర్థమైంది. ట్రేడ్‌లో రెండు టీమ్‌లు మాట్లాడుకుంటాయి. కాంట్రాక్ట్‌లో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప ఆటగాణ్ణి ఎవరూ అడగరు. పొద్దున్న లేచేసరికి అతని ఊరు మారిపోతుంది. ఫ్రీ ఏజెన్సీలో మాత్రం ఆటగాణ్ణి అడగాలి. గేమ్స్‌లోనూ ఈ అడగడం మెల్లగా వచ్చింది. ఫిఫా 18 నుంచి ముందు క్లబ్బుతో, తర్వాత ఆటగాడితో, అతని ఏజెంట్‌తో కూర్చుని బేరమాడాలి. మాడెన్ 23 నుంచి ఫ్రీ ఏజెంట్‌కి ఇష్టాలు పెట్టారు. సొంతూరికి దగ్గర కావాలనేవాడు ఒకడు, గెలిచే టీమ్ కావాలనేవాడు ఇంకొకడు. ఆఫర్ పెంచినా రానివాణ్ణి చూసి మనకి కోపం వస్తుంది. కానీ ఆ రానన్నవాడే మనిషిలా ఉన్నాడు.

ప్యాక్‌లు, కార్డులు వేరే సంగతి. అక్కడ ఆటగాడికి ఇష్టం లేదు, కాంట్రాక్ట్ లేదు, అడిగేది లేదు. డబ్బు పెట్టి మూసిన పెట్టె కొనడం, లోపల ఎవరొస్తారో చూడటం. బోస్మన్ దేశం బెల్జియమే 2018లో దాన్ని జూదం కింద లెక్కేసింది. 2019 జనవరి ఆఖరుకి ఈఏ అక్కడ ఫిఫా పాయింట్లు అమ్మడం ఆపేసింది. స్కాలర్‌షిప్ పడిన వారమే రీచార్జ్ పేరుతో పాయింట్లు కొంటున్న తమ్ముళ్లు మాకు తెలుసు. మిమ్మల్ని తిట్టం. కెరీర్ మోడ్‌కి రండి, అక్కడ బుర్రకి పని ఉంటుంది అంటున్నాం, అంతే.

ఇప్పుడు అసలు విషయం. బోస్మన్ కథ చదువుతుంటే మాలో ఒకరు మాట్లాడటం ఆపేశారు. ఎందుకంటే అది తన కథే. డిగ్రీ అయిపోయింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వం నుంచి కాలేజీకి రాలేదు. అది వచ్చేదాకా టీసీ, ఇంటర్ మెమో, టెన్త్ మెమో ఇవ్వమన్నారు. పీజీ కౌన్సెలింగ్‌కి ఒరిజినల్స్ కావాలి. వాళ్ల నాన్న కొండ దిగి నాలుగుసార్లు వచ్చారు, నాలుగుసార్లూ ఉత్త చేతులతో వెళ్లారు. సీటు పోయింది. కోర్సు అయిపోయింది, కాగితం మాత్రం వాళ్ల బీరువాలోనే ఉంది. కాంట్రాక్ట్ అయిపోయాక కూడా ఆటగాణ్ణి పట్టుకుని కూర్చున్న క్లబ్బుకీ దీనికీ ఏం తేడా?

అటువైపు వాదన కూడా విందాం. "మాకు రావాల్సిన ఫీజు రాలేదు, మేం జీతాలు ఎలా ఇవ్వాలి?" అంటారు. అది అబద్ధం కాదు. బోస్మన్ తీర్పు వచ్చినప్పుడు చిన్న క్లబ్బులూ ఇదే అన్నాయి, చిన్నప్పటి నుంచి ఆట నేర్పింది మేం, మా ఖర్చు ఎవరిస్తారని. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే 2001లో ఫుట్‌బాల్ పెద్దలు కుర్ర ఆటగాళ్లకి శిక్షణ ఇచ్చిన క్లబ్బుకి పరిహారం కట్టే నియమం పెట్టారు. ఆ లెక్క క్లబ్బుకీ క్లబ్బుకీ మధ్య తేలాలి. ఇక్కడ కూడా అంతే. బాకీ ప్రభుత్వానిదైతే ప్రభుత్వాన్ని అడగండి. అప్పు ఒకరిదైతే ఇంకొకరి భవిష్యత్తు తాకట్టు పెట్టుకోవడం ఏం పద్ధతి?

ఇది మా ఆవేశం మాత్రమే కాదు. 2018 అక్టోబర్‌లోనే యూజీసీ స్పష్టంగా చెప్పింది. అడ్మిషన్ టైంలో ఒరిజినల్స్ చూసుకుని, సరిచూశాక విద్యార్థికి తిరిగి ఇచ్చేయాలి, తమ దగ్గర పెట్టుకోకూడదు అని. మనలో చాలామందికి ఇది తెలియదు. తెలియనివాడి కాగితాలే బీరువాలో ఉండిపోతాయి.

అందుకని మూడు మాటలు. అడ్మిషన్‌కి వెళ్లేటప్పుడు జిరాక్సులు ఇవ్వండి. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి. తప్పక ఇవ్వాల్సి వస్తే ఏమేం ఇచ్చారో రాసి సంతకం, స్టాంపు తీసుకోండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు నోటితో అడగడం ఆపి అర్జీ రాసి ఇవ్వండి, రసీదు దాచుకోండి. ఒక కాపీ ఐటీడీఏ గ్రీవెన్స్‌లో పెట్టండి. ఒక్కరే వెళ్లకండి, నలుగురు కలిసి వెళ్లండి. బోస్మన్ ఒక్కడే పోరాడి గెలిచాడు కానీ, గెలిచేసరికి అతని ఆట అయిపోయింది. మనకి ఆ పరిస్థితి రాకూడదు.

సర్టిఫికెట్లు ఇంకా కాలేజీలో ఉండిపోయినవాళ్లు కింద కామెంట్‌లో మండలం, కోర్సు రాయండి. పేర్లు ఇక్కడ వద్దు. ఎంతమందిమో ముందు లెక్క తేలితే, అందరం కలిసి ఒకే అర్జీ రాద్దాం.

ఆ స్క్రీన్‌షాట్ పెట్టిన తమ్ముడికి కూడా ఒక మాట. నీ మిడ్‌ఫీల్డర్ మంచి కొనుగోలే, తప్పకుండా ఆడించు. కానీ "ఎవడూ కొనలేదు" అనకు. తనే వచ్చాడు అను.

జోహార్. జై ఆదివాసీ.