నీళ్లలోని దోషాన్ని నెత్తురు మీద వేయొద్దు

నడుము వంగి కర్ర పట్టిన మనిషిని చూసి "వాళ్ల వంశంలోనే ఉంది" అంటారు. పళ్లు గోధుమరంగుకు తిరిగిన పిల్లను చూసి "వాళ్లమ్మకూ అంతే కదా" అంటారు. తొంభై ఏళ్లు దాటిన పెద్దాయన్ని చూసి "గట్టి రక్తం" అంటారు. ఈ పాత మాటలకే ఇప్పుడు కొత్త బట్టలు తొడిగారు. వంశం పోయి జీన్ వచ్చింది. ఆ శాస్త్రం మీద మాకు కోపం లేదు. దాన్ని అడ్డం పెట్టుకుని పేదల రోగాన్ని పేదల ఒంట్లోకే తోసేయడం మీదే మా అభ్యంతరం.

ముందు శాస్త్రం ఏమంటోందో చూద్దాం. మనుషుల జన్యువుల్లోని తేడాల్లో కొన్నింటికి ఆయుష్షుతో సంబంధం ఉన్న మాట నిజం. ఫాక్స్ఓ3 అనే జన్యువులో ఒక రకం దీర్ఘాయుష్కుల్లో ఎక్కువగా కనిపిస్తోందని 2008లో, హవాయిలో స్థిరపడిన జపాన్ సంతతి పురుషుల మీద జరిగిన అధ్యయనం చెప్పింది. ఏపీఓఈ జన్యువులో ఇ4 రకం ఉన్నవాళ్లకు అల్జీమర్స్ ముప్పు ఎక్కువ. అయితే మొత్తం మీద జన్యువుల వాటా ఎంత? మనుషుల ఆయుష్షులోని తేడాల్లో సుమారు నాలుగో వంతు అని 1996లో డెన్మార్క్ కవలల అధ్యయనం తేల్చింది. కోట్లాది మంది వంశవృక్షాలను పరిశీలించిన 2018 నాటి అధ్యయనం పది శాతం కూడా ఉండదంది. అంటురోగాలు, ప్రమాదాల వంటి బయటి కారణాల చావులను తీసేసి చూస్తే ఆ వాటా సగం దాకా ఉండొచ్చని ఇటీవలి లెక్క ఒకటి చెబుతోంది.

ఆ "తీసేసి చూస్తే" అన్న మాట దగ్గర ఆగండి. కాగితం మీద తీసేయడం సులువు. పావగడ తాలూకాలో బయటి కారణాలను ఎవరు తీసేశారు?

మన దేశంలో సగటు ఆయుర్దాయం స్వాతంత్ర్యం వచ్చిన నాటికి 32 ఏళ్లకు అటూ ఇటూగా ఉండేది. ఇప్పుడు 70. ఈ మూడు తరాల్లో మన జన్యువులు మారలేదు. మారినవి టీకాలు, తిండి, కాన్పుల ఆసుపత్రులు, మంచినీళ్లు. అవి ఎవరి గడప దాకా వచ్చాయో వాళ్ల ఆయుష్షు పెరిగింది.

పావగడ కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉన్నా మూడు వైపులా ఆంధ్రప్రదేశే. ఇళ్లలో తెలుగు, ఆఫీసుల్లో కన్నడం. వాన తక్కువ, వేరుసెనగ పంట ఎక్కువ, చెరువులు ఎండితే బోర్లే దిక్కు. బోరు లోతుకు పోయేకొద్దీ గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడు నీళ్లలో కరిగి పైకొస్తుంది. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణం. ఇక్కడ ఎన్నో ఊళ్ల బోర్లు ఆ గీత దాటాయి. మరగబెడితే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. చిన్నప్పుడు అది పళ్లకు పడుతుంది. ఏళ్ల తరబడి తాగితే ఎముకలకు పట్టి, కీళ్లు బిగుసుకుని, వెన్ను వంగుతుంది. పట్టాక వదలదు.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. ఎముకల ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట వివరంగా రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, ఫ్లోరైడు ప్రాంతపు పిల్లల కాళ్లు మోకాళ్ల దగ్గర లోపలికి వంగిపోవడం గురించి రాశారు. తిండిలో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడు మరింత దెబ్బ తీస్తుందన్నదీ తెలిసిందే. అంటే విషం నీళ్లలో ఉంది, దానికి బలం కంచంలోని లేమి ఇస్తోంది.

ఇక్కడా జన్యువుల తేడా ఉంది. ఒకే మోతాదు ఫ్లోరైడు ఇచ్చినా కొన్ని జాతుల ఎలుకలకు పళ్లు త్వరగా పాడవుతాయి, కొన్నింటికి కావు. ఒకే బోరు నీళ్లు తాగిన ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకరు ముందు వంగిపోవచ్చు. ఎవరు ముందు వంగుతారో జన్యువు చెబుతుందేమో. వంచేది మాత్రం నీళ్లే. ఆయుష్షంటే ఏళ్ల లెక్క ఒక్కటే కాదు, తన కాళ్ల మీద తాను నడిచిన ఏళ్లు ఎన్ని అన్న లెక్క కూడా.

ఇందులో కులం పాత్ర దాచేస్తే మనం అబద్ధమాడినట్టే. అగ్రకుల హిందువులతో పోలిస్తే దళితుల ఆయుర్దాయం మూడేళ్లకు పైగా, ఆదివాసులది నాలుగేళ్లకు పైగా తక్కువని, తొమ్మిది ఉత్తర, తూర్పు రాష్ట్రాల గణాంకాలతో 2022లో వచ్చిన అధ్యయనం చూపింది. ఆస్తిపాస్తుల తేడా ఆ అంతరంలో సగాన్ని కూడా వివరించలేకపోయింది. మిగిలినదాన్ని రక్తంలో వెతకొద్దు, ఊరి చివర వెతకండి. పావగడలోనూ డబ్బున్న ఇంటికి క్యాను నీళ్లు వస్తాయి. కూలి దొరకని రోజు కాలనీలో బోరింగు నీళ్లే గతి.

జన్యువుల పాత్ర నిజంగా ఉన్నచోట కూడా కులం చేయి కనిపిస్తుంది. తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే దక్షిణాసియా సమూహాలు 260కి పైగా పరిశీలించి, వాటిలో 81 సమూహాల్లో వంశపారంపర్య జబ్బుల ముప్పు పెరిగేటంతగా జన్యువుల వైవిధ్యం కుదించుకుపోయిందని హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు తోటివారితో కలిసి 2017లో ప్రకటించారు. రక్తశుద్ధి అని గొప్పలు చెప్పుకున్న కంచె లోపల పెరిగింది రోగమే. బాప్తిస్మం తీసుకున్నాక కూడా పెళ్లి సంబంధంలో కులం అడిగే సంఘాలు ఈ మాట రెండుసార్లు చదవాలి.

బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ 2024లో లాంజివిటీ ఇండియా అనే కార్యక్రమం మొదలుపెట్టింది. జీనోమ్ ఇండియా పథకం 83 సమూహాల నుంచి సుమారు 10,000 మంది జన్యుపటాలు సిద్ధం చేసింది. మంచిదే. పరిశోధన ఆపమని మేము అనడం లేదు. రక్తం ఇచ్చిన పేదవాడికి ఫలితం తిరిగి చేరాలంటున్నాం. ఆరోగ్యంగా ముసలితనం గడపడమెలాగో వెతుకుతున్న ఆ నగరం నుంచి ఒక్క పూట ప్రయాణంలో, నలభై ఏళ్లకే ముసలితనం వచ్చిపడుతున్న పల్లెలున్నాయని గుర్తుచేస్తున్నాం.

చేయాలనుకుంటే ఇక్కడ ఏదైనా చేయగలరు. 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఈ తాలూకాలోనే కట్టారు. భూమి ఉన్నవాళ్లకు కౌలు వచ్చింది, ఆ భూముల్లో కూలి చేసినవాళ్లకు రాలేదు. తుంగభద్ర నీళ్లు తెచ్చే తాగునీటి పథకం ఉంది. ఆ నీళ్లు ఎస్సీ కాలనీ చివరి కుళాయికి ఏడాదిలో ఎన్ని రోజులు వస్తాయన్నదే మా ప్రశ్న.

అందుకే అడుగుతున్నాం. ప్రతి బోరు నీటి పరీక్ష ఫలితాన్ని కన్నడంలో, తెలుగులో ఆ బోరు దగ్గరే రాసి పెట్టాలి. చెడిపోయిన శుద్ధినీటి ప్లాంటును ఎన్ని రోజుల్లో బాగుచేస్తారో పంచాయతీ రాసివ్వాలి. అంగన్‌వాడీలో, బడిలో పాలు, గుడ్లు ఏ పిల్లకూ తప్పకూడదు. వంగిపోయిన ప్రతి మనిషికీ వికలాంగుల ధ్రువపత్రం, పింఛను ఇవ్వాలి. మన సంఘాలు ప్రార్థనతోపాటు ఈ అర్జీల మీద సంతకాలూ చేయించాలి.

పుట్టు గుడ్డివాణ్ని చూసి శిష్యులు అడిగింది వంశం ప్రశ్నే: తప్పు ఇతనిదా, కన్నవాళ్లదా అని. యేసు ఆ రెండూ కాదని, వెంటనే పనిలోకి దిగాడు. యెరికో నీళ్లు మంచివి కావని ఊరివాళ్లు మొరపెట్టుకున్నప్పుడు ఎలీషా ఎవరి వంశావళీ అడగలేదు. నేరుగా నీటి ఊట దగ్గరికి నడిచాడు. పావగడలో మనం నడవాల్సిందీ అక్కడికే.